పిడికెడు తీశాకే ఎసట్లో పోయాలి

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న మొదటిసారి మామూలుగా చదివాను. రెండోసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని చదివాను. విజయవాడలో అద్దె ఇల్లు, భార్యాభర్తలిద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు, ఇద్దరికీ కలిపి చేతికి వచ్చేది 52 వేలు. ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు, మీ దగ్గరే ఉంటున్న అమ్మగారు. క్రెడిట్ కార్డు మీద 64 వేల బాకీ, చెల్లెలి పెళ్లికి తీసుకున్న లోను, బండి వాయిదా, బ్యాంకులో 50 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్. మీరు అడిగినవి మూడు: దశమభాగం (రాబడిలో సంఘానికిచ్చే పదోవంతు) ఆపి అప్పు తీర్చుకోవచ్చా? దాచుకోవడం విశ్వాసం లేనితనమా? అందరూ అంటున్నట్లు ఇప్పుడే ఫ్లాటు కొనేయాలా? మధ్యలో మీ సంఘంలో ఒకరు రమ్మంటున్న లక్ష రూపాయల చీటీ గురించి కూడా ఒక మాట రాశారు.

నేను ముప్పై మూడేళ్లు తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం పొదుపు ఖాతాల కౌంటరులోనే గడిచింది. మా సంఘానికి పదకొండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. పగలు కౌంటరు కిటికీలోంచి ఊరి పొదుపు చూశాను, ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద విశ్వాసుల కానుక కవర్లు చూశాను. ఈ రెండూ చూసినవాడిగానే చెబుతున్నాను. బోధకుడిని కాను.

ముందు మీరు రాసిన ఖర్చులు కూడాను. అద్దె 11,000. సరుకులు, పాలు, గ్యాసు 11,000. పిల్లల ఫీజులు నెలకు సగటున 4,500. పెట్రోలు, ఫోన్లు 4,000. కరెంటు 1,500. అమ్మగారి మందులు 2,500. లోను వాయిదా 6,800, బండి వాయిదా 3,400, కార్డుకు కట్టే కనీస మొత్తం 3,200. దశమభాగం 5,200. మొత్తం 53,100. వచ్చేది 52,000. ఇందులో పండుగ లేదు, పిల్లల జ్వరం లేదు, పెళ్లి పిలుపు లేదు, బండి టైరు లేదు. ‘ఎంత జాగ్రత్తగా ఉన్నా కార్డు బాకీ తరగడం లేదు, కారణం అంతుపట్టడం లేదు’ అని రాశారు. కారణం ఆ కాగితం మీదే ఉంది. ఒకటో తారీఖునే మీ ఇల్లు 1,100 రూపాయల లోటుతో లేస్తోంది, ఆ లోటును కార్డు మోస్తోంది. మీరు దుబారా మనుషులు కారు. ఒక్కో ఖర్చూ విడిగా తెలిసి, అన్నీ కలిపి ఎన్నడూ కూడనివాళ్లు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్లలో సగం మంది ఇలాంటివాళ్లే.

ఈ కూడిక మీరొక్కరే చేయకండి. ఇద్దరూ కూర్చుని చేయండి. వింటానంటే అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. చాలా ఇళ్లలో భార్యకు జీతం తెలుసు గానీ అప్పు తెలియదు, భర్తకు అప్పు తెలుసు గానీ కూరగాయల ధర తెలియదు.

ఇక దాచుకోవడం సంగతి. మా అమ్మ వ్యవసాయ కూలీ. ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి కుండ ఉండేది. పూటకు సరిపడా బియ్యం చేటలోకి కొలిచాక, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఆదివారం ఆ కుండను గుడికి తీసుకెళ్లేది. పిడికెడు బియ్యం అనేవాళ్లం. తెలుగు సంఘాల్లో పాతవాళ్లకు ఇది తెలిసిందే. మిజోరంలో ఇదే పద్ధతి బుఫాయ్ థామ్ అనే పేరుతో 1910 నుంచి సాగుతోంది. అక్కడి సంఘాల ఆదాయంలో అది చెప్పుకోదగ్గ వనరు. మా అమ్మ దగ్గర ఇంకో చిన్న కుండ కూడా ఉండేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అందులో వేసే రెండో పిడికెడు మాకోసం, పని దొరకని ఆషాఢం రోజుల కోసం. దేవుడిదీ ఇంటిదీ ఎసట్లో పోయకముందే తీసేది. అన్నం వండాక మిగిలితే తీద్దాం అనుకుని ఉంటే ఆ రెండు కుండలూ ఎప్పటికీ ఖాళీగానే ఉండేవి. ఆరుగురం తినే ఇంట్లో అన్నం మిగలడం నేనెన్నడూ చూడలేదు.

మీరు నెలాఖరున మిగిలితే దాద్దాం అనుకుంటున్నారు. జీతంలో కూడా ఏదీ మిగలదు తమ్ముడూ.

మీకు ఎవరో మన్నా కథ, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన ఆహారం కథ, చెప్పారని రాశారు. రేపటికని దాచుకున్న మన్నా పురుగు పట్టింది కాబట్టి విశ్వాసి దాచుకోకూడదట. ఆ అధ్యాయం ఇంకొంచెం ముందుకు చదివితే, ఆరో రోజున రెండింతలు ఏరుకుని మర్నాటికి ఉంచుకోమని కూడా అక్కడే ఉంది. అది పురుగు పట్టలేదు. పనిలేని రోజు వస్తుందని తెలిసినప్పుడు ముందే ఏరుకోవడం కూడా ఆజ్ఞే. కరవు రాబోతోందని తెలిసిన ఐగుప్తులోని యోసేపు సంగతీ అంతే. ఏడేళ్లు పంటలో అయిదోవంతు తీసి కొట్లలో పోయించాడు, అందుకు అతణ్ని ఎవరూ అవిశ్వాసి అనలేదు. యేసు చెప్పిన ఉపమానంలో కొట్లు పెద్దవి చేసుకున్న ఆ ధనవంతుడు ఉన్నాడే, అతని పొరపాటు దాచడంలో లేదు. ఆ దాచిందంతా తన ఒక్కడి ప్రాణానికే అనుకోవడంలో ఉంది.

ఇప్పుడు కార్డు. మీ గొంతు మీద కాలు అదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మా నాన్న కాలంలో రెండు రూపాయల వడ్డీకి నోటు రాసినవాణ్ని చూసి ఊరు జాలిపడేది. మూడు రూపాయలకు రాసినవాణ్ని చూసి ఇక పొలం వదులుకున్నట్లే అనుకునేది. ఈరోజు అదే వడ్డీని రంగుల కార్డు మీద ఇస్తున్నారు కాబట్టి మనకు భయం వేయడం లేదు. మీ 64 వేల మీద మూడున్నర శాతం చొప్పున నెలకు 2,240. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 403. అంటే 2,643 వడ్డీకే పోతుంది. మీరు కట్టే 3,200లో అసలుకు చేరేది 557 రూపాయలు. ఆ నెలలో కార్డు మీద ఒక్కసారి పెట్రోలు కొట్టించినా ఆ 557 కూడా చెరిగిపోతుంది.

మరోపక్క అదే ఇంట్లో 50 వేల డిపాజిట్ ఉంది. ఏడు శాతం అనుకున్నా నెలకు దాని మీద వచ్చేది మూడు వందల లోపు. ‘అది కదిలిస్తే మాకు ఆధారం ఉండదు’ అని మీ శ్రీమతి భయపడుతున్నారని రాశారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఆ డిపాజిట్ ఇప్పుడు మీకు ఆధారంగా లేదు. దాని పక్కనే ఉన్న అప్పు దాన్ని రోజూ తినేస్తోంది. గడువుకు ముందు తీస్తే కొంచెం వడ్డీ తగ్గుతుంది, తగ్గనివ్వండి. 45 వేలు కార్డుకు కట్టండి, 5 వేలు పొదుపు ఖాతాలో ఉంచండి. కార్డు మీద మిగిలేది 19 వేలు. దానికి ఇప్పటిలాగే నెలకు 3,200 కడుతూ పొండి, కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా. ఏడో నెలలో తీరిపోతుంది. నేను నెలనెలా వేసి చూశాను, ఏడో వాయిదా మూడు వేల చిల్లర వస్తుంది. కార్డును ఇంట్లో ఉంచితే ప్రలోభం అనుకుంటే బీరువాలో అమ్మగారి బట్టల కింద పెట్టండి. ఫోనులో దాచిపెట్టిన కార్డు నంబరు కూడా తీసేయండి, అది మరిచిపోతారు.

శ్రీమతి గొలుసు కుదువ పెట్టి ఒకేసారి తీర్చేయడం గురించి కూడా అడిగారు. లెక్క ప్రకారం అదీ లాభమే, బ్యాంకులో బంగారం మీద వడ్డీ రూపాయి లోపే. ఏడు నెలల్లో తీరేదానికి గొలుసు దాకా వెళ్లనక్కర లేదని నా ఉద్దేశం. ఆ గొలుసు ఆవిడది, నిర్ణయమూ ఆవిడదే.

ఎలీషా కాలంలో అప్పులవాడు కొడుకులను పట్టుకుపోతానన్న విధవరాలి కథ మీకు తెలిసే ఉంటుంది. పాత్రలన్నీ నూనెతో నిండాక ఆమె ప్రవక్త దగ్గరకు వెళ్లి ఏం చేయమంటావని అడిగింది. నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా వరుస మారలేదు చూడండి.

ఆ 1,100 లోటు పూడ్చకపోతే ఈ ఏడు నెలల లెక్క నిలబడదు. ఇక్కడే దశమభాగం ప్రశ్న వస్తుంది, దీనికి జవాబు చెప్పడానికి కొంచెం జంకుతున్నాను. మా సంఘం పాస్టరు అయ్యగారు ఇది చదివితే ఒప్పుకోరు. ఆయనతో ఈ విషయం మీద పదేళ్లుగా వాదిస్తున్నాను, టీ మాత్రం కలిసే తాగుతాం.

కోశాధికారిగా కవర్లు విప్పుతున్నప్పుడు కొన్ని ఇళ్ల సంగతి నాకు తెలిసేది. పేరు, మొత్తం పుస్తకంలో రాయాలి కదా. అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి కవరు నింపినవాళ్లున్నారు, ఆ నెల పేరు చదివేటప్పుడు తమ ఇంటి అంకె తగ్గితే పదిమందిలో తల ఎత్తుకోలేమని. అది దేవుడికిచ్చిన కానుక అనుకోలేకపోయాను. వడ్డీ వ్యాపారి డబ్బు అది. ఇవ్వడం మనకు ఉన్నదానిలోంచే, లేనిదానిలోంచి కాదని పౌలు కొరింథీయులకు రాశాడు. అందుచేత నా మాట ఇది: దశమభాగం పూర్తిగా ఆపకండి, చేతికి అలవాటు తప్పిపోతుంది. ఈ ఏడు నెలలు 5,200కు బదులు 3,000 ఇవ్వండి, జీతం పడిన రోజే తీసి పెట్టండి. మిగిలే 2,200లో 1,100 లోటు పూడుతుంది, మరో 1,100 ఇప్పటిదాకా లెక్కలో లేని జ్వరాలకూ టైర్లకూ ఉంటుంది. ఎనిమిదో నెల నుంచి తిరిగి 5,200. మీ మనసు ఒప్పుకోకపోతే మీ పాస్టరుగారి దగ్గరకు వెళ్లి ఈ లెక్క కాగితమే చూపించి మాట్లాడండి. మంచి కాపరి అయితే మీ అప్పు గురించి అడుగుతాడు, అంకె గురించి కాదు.

దశమభాగం కంటే ముందు కోయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, అవి మీ జాబితాలో కనిపించలేదు. ఉండకుండా ఉండవు. మహాసభలకు రాసిచ్చిన మొక్కుబడి, పాప పుట్టినరోజు ప్రార్థన కూటానికి వచ్చినవాళ్లకు బిర్యానీ, ఆదివారం ఆరాధన అయ్యాక వంట చేసే ఓపిక లేక కొనే పొట్లాలు. చివరిదానికి నేను మా ఇంట్లో కనిపెట్టిన ఉపాయం శనివారం రాత్రే పులుసు పెట్టుకోవడం. ఉపాయం అంటున్నాను గానీ పెట్టేది మా ఆవిడే.

అమ్మగారి మందుల్లో మాత్రం రూపాయి తగ్గించకండి. కానుకకు ఇచ్చేశాను కాబట్టి తల్లిదండ్రులకు ఇవ్వడానికేమీ లేదనేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది.

చీటీ సంగతికి వస్తే, 1990ల్లో మా సంఘంలోనే బాగా ప్రార్థన చేసే ఒకాయన యాభై వేల చీటీ పెట్టారు. ఇరవై నెలలు, నెలకు 2,500. నేను చివరిదాకా పాట పాడకుండా ఆగితే కసరు, అంటే ముందు పాడుకున్నవాళ్లు వదులుకునే సొమ్ములో వాటా, కలిసివస్తుందని ఆగాను. పద్నాలుగో నెల కట్టాక ఆయన ఊళ్లో లేరు. 35 వేలు. మా ఆవిడ కోప్పడలేదు, ‘రసీదులు ఏవి?’ అని అడిగింది అంతే. రోజుకు రెండు వందల రసీదుల మీద ముద్ర వేసే మనిషిని, నా డబ్బుకు ఒక్క రసీదూ అడగలేదు. విశ్వాసి కదా, అడిగితే అనుమానించినట్లు ఉంటుందనుకున్నాను. ఆయన దురాశ కంటే నా మొహమాటమే ఎక్కువ నష్టం చేసిందని ఇప్పటికీ అనుకుంటాను. చీటీ అంటేనే చెడ్డదని కాదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీని రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి, ఒప్పంద పత్రం ఉండాలి. మీ సంఘంలో పిలుస్తున్నాయనను ఆ నమోదు కాగితం చూపమనండి. ముఖం మాడ్చుకుంటే మీకు జవాబు దొరికినట్లే. ఇంకోటి: బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి పెంచారు. చీటీకి ఆ బీమా లేదు. ‘ప్రార్థన చేసి మొదలుపెట్టిన పథకం, ఏడాదిలో రెట్టింపు’ అని ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర చెప్పేవాటికి అసలే లేదు.

నమ్మకమూ కాగితమూ ఒకదానికొకటి శత్రువులు కావు. జర్మనీలో రైఫైజెన్ అనే ఒక గ్రామ మేయరు ఉండేవాడు, గట్టి క్రైస్తవుడు. 1840ల కరవులో దాతల డబ్బుతో రొట్టెలు పంచి, దానం ఒక్కటే చాలదని గ్రహించి, 1864లో రైతులే తమలో తాము పొదుపు చేసి అప్పిచ్చుకునే సంఘం పెట్టాడు. ఒకరినొకరు ఎరిగిన ఊరివాళ్ల మధ్యే, కానీ పద్దు రాసి. మద్రాసు ప్రభుత్వం పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరప్‌లో ఈ సంఘాలను చదివి 1890ల్లో పెద్ద నివేదిక రాశాడు. దాని సారం ‘రైఫైజెన్‌ను వెతకండి’ అనే. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. మన ఊళ్ల సహకార సంఘాల వంశవృక్షం అదీ. ఈ కథ మా సంఘంలో చెబితే అందరూ మెచ్చుకున్నారు, పద్దు రాసే పని మాత్రం ఎవరూ తీసుకోలేదు.

హామీ సంతకాల గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలో చీమ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ చీమ కంటే ముందు, అధ్యాయం మొదట్లోనే, ఇతరుల అప్పుకు పూచీ పడ్డవాడు వలలో పడ్డ లేడి అని ఉంది. దాని మీద ప్రసంగం ఒక్కటీ వినలేదు. మీ జీతం స్లిప్పు చూసి సంతకం అడిగేవాళ్లు వస్తారు. ఇవ్వగలిగితే పది వేలు చేతిలో పెట్టండి, తిరిగి రాదనుకునే పెట్టండి. సంతకం మాత్రం పెట్టకండి.

ఎనిమిదో నెలకు వద్దాం. కార్డు వాయిదా 3,200 ఆగింది. బండికి ఇంకా అయిదు వాయిదాలే ఉన్నాయన్నారు కాబట్టి ఆ 3,400 కూడా అప్పటికి ఆగుతుంది. దశమభాగం పూర్తిగా ఇచ్చినా ఖర్చు 46,500, చేతిలో 5,500 మిగులు. చాలామంది జారేది ఇక్కడే. వాయిదా తీరిన నెలలోనే కొత్త ఫోను వస్తుంది, ఎందుకంటే చేతికి కట్టడం అలవాటైంది. అలవాటు ఉండనివ్వండి, కట్టేది మీకే కట్టుకోండి. రెండు వేలు ఆధారం ఖాతాకు, అది మీ మూడు నెలల ఇంటి ఖర్చు అయ్యేదాకా ఏళ్లు పట్టినా సరే. పదిహేను వందలు పాప పేరున సుకన్య సమృద్ధికి. పదేళ్లలోపు ఆడపిల్లకు తెరవవచ్చు, ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు, పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్కేళ్లకు చేతికి వస్తుంది. పద్దెనిమిది నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం చేశారు. మిగిలిన రెండు వేలు డిసెంబరుకు.

అవును, డిసెంబరుకే. పోయిన క్రిస్మస్‌కు 26 వేలు అయిందని, అంతా కార్డు మీదేనని మీరే రాశారు. క్రిస్మస్ ఏ తారీఖున వస్తుందో వందల ఏళ్లుగా తెలుసు కదా తమ్ముడూ, ఏటా మనల్ని ఎందుకు ఆశ్చర్యపరుస్తుంది? డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, వాటికి తలో వంద, కేరల్స్ వచ్చిన రాత్రి టీ, కేకులు, పండక్కి ఒక జత, ముప్పై ఒకటి రాత్రి ఆరాధనకు ఇంకో జత, ఇంటి మీద నక్షత్రం, అందరిలో తెల్లచీర పాతదైతే బాగుండదనే మాట. నెలకు రెండు వేలు విడిగా బ్యాంకులో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ కడితే 24 వేలు, పైన కొంచెం వడ్డీ. ఆ డబ్బు ఎంతుంటే పండగ అంతే. మొదటి ఏడాది పూర్తి పన్నెండు నెలలు దొరకకపోతే పండగ చిన్నదవుతుంది. పశువుల పాకలో జరిగిన పండగకు చిన్నది కావడం లోటు కాదు. పిల్లలకు బట్టలు కొనండి, మీరిద్దరూ ఈస్టరు బట్టలే వేసుకోండి. ఎవరూ గమనించరు. గమనించేవాళ్లు మీ అప్పు తీర్చరు.

లోను వాయిదా ఇంకా ఇరవై ఆరు నెలలు. అది తీరిన నెల నుంచే ఆ 6,800లో ఆరు వేలు పోస్టాఫీసు ఆర్డీకి (రికరింగ్ డిపాజిట్‌కు) మళ్లించండి. అయిదేళ్లు, అరవై వాయిదాలు. 2023 అక్టోబరులో దాని వడ్డీ 6.7 శాతం చేశారు, ఆ లెక్కన 3 లక్షల 60 వేలు కడితే దాదాపు 4 లక్షల 28 వేలు వస్తాయి. మీరు తెరిచే నాటి వడ్డీ ఎంతో కౌంటరులో అడగండి. ఇంతకంటే ఎక్కువ ఇచ్చే పెట్టుబడులు లేవా అంటే ఉన్నాయి. నెల మధ్యలో తీయబుద్ధి కాకుండా చేతులు కట్టేసేవి మాత్రం తక్కువ. వరుసగా కట్టిన ఏడాది తర్వాత అందులో సగం దాకా అప్పు కూడా ఇస్తారు.

మా కౌంటరుకు ప్రతి నెలా ఎనిమిదో తారీఖున ఒకావిడ వచ్చేది, మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని. జీతం తీసుకుని ఇంటికి పోకముందే వచ్చేది. వంద రూపాయల ఆర్డీతో మొదలుపెట్టింది. ‘ఇంటికి పోతే ఇది నాది కాదు అయ్యా’ అనేది. అయిదేళ్లు తీరగానే ఆ డబ్బు తీసుకుని, అప్పటికప్పుడే మూడు వందలతో కొత్త ఖాతా తెరిచింది. మూడో ఖాతా డబ్బుతో కూతురికి నర్సింగు ఫీజు కట్టింది. మధ్యలో రెండుసార్లు వాయిదా తప్పింది, వందకు రూపాయి చొప్పున జరిమానాతో కట్టుకుంది. ఎక్కడా తొందరపడలేదు. మా అమ్మ కుండ నాకు మళ్లీ కనిపించింది ఆవిడ దగ్గరే.

ఇక ఫ్లాటు. 30 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు అంటే నెలకు 26,035. మొత్తం కట్టేది 62 లక్షల పైచిలుకు. ఇప్పుడున్న రెండు వాయిదాలతో కలిపితే 36 వేలు దాటుతుంది. అద్దె మిగిలినా, తిండికి, ఫీజులకు, మందులకు, కానుకకు అన్నిటికీ కలిపి పదహారు వేల లోపు. రిజిస్ట్రేషను ఖర్చులు వేరు, ఆంధ్రప్రదేశ్‌లో అవి ఏడున్నర శాతం వరకు ఉంటాయి. మీ శ్రీమతి పనిచేసేది ప్రైవేటు స్కూల్లో. వేసవి రెండు నెలలు సగం జీతమే ఇచ్చే స్కూళ్లు నాకు తెలుసు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది ఇలాంటివాళ్లనే. ‘అద్దె కట్టేది దండగ’ అనే మాట వినీ వినీ విసుగొచ్చింది నాకు. లోను మొదటి ఏళ్లలో వాయిదాలో మూడొంతుల పైన వడ్డీయే, దాన్ని ఎవరూ దండగ అనరెందుకో.

మా ఇల్లు ఎలా కట్టామో చెబుతాను. మూడు సెంట్ల స్థలం, ఒక ఆర్డీ. రెండు గదులు, వంటిల్లు, ఇంకో ఆర్డీ, పీఎఫ్‌లో కొంత. మేస్త్రి మాట విని మెట్లు ముందే పోయించాం. పైన గది కట్టడానికి పదమూడేళ్లు పట్టింది. అన్నేళ్లూ మెట్లెక్కితే ఆకాశమే. ‘మీకు మెట్లున్నాయి, మేడేదండీ?’ అని వీధివాళ్లు నవ్వేవాళ్లు. మా ఆవిడ ఆ మెట్ల మీద అప్పడాలు ఎండబెట్టేది. డోర్నకల్ వెళ్లినప్పుడు ఎపిఫనీ కేథడ్రల్ చూడండి. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్యగారు కట్టించింది. ఆయన సంఘాల్లో ఎక్కువమంది నిరుపేద కూలీలు, వాళ్ల ఇళ్లలోనూ పిడికెడు బియ్యం తీసేవాళ్లు. ఏళ్ల తరబడి కట్టారు, ప్రతిష్ఠ 1939 జనవరిలో గానీ జరగలేదు. ఆ స్తంభాల మధ్య నిలబడినప్పుడు నా మెట్లు నాకు అంత సిగ్గుగా అనిపించలేదు.

ఇప్పటికి ఇంతే. ఏడో నెలలో కార్డు బాకీ సున్నా అయ్యాక రాయండి, ఆరోగ్య బీమా గురించి, పీఎఫ్ గురించి అప్పుడు వివరంగా చెబుతాను. ఆర్డీ తెరిచేటప్పుడు ఇంటికి వచ్చే ఏజెంటు ద్వారా కడితే, పాసుపుస్తకంలో ప్రతి నెలా ఎంట్రీ, ముద్ర పడ్డాయో లేదో మీరే చూసుకోండి. ఫారంలో నామినీ గడి ఖాళీగా వదలకండి. ‘తర్వాత రాద్దాం లెండి’ అని వెళ్లిపోయినవాళ్ల భార్యలు వారసత్వ ధ్రువీకరణ పత్రం కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, మళ్లీ నా కిటికీ ముందుకే వచ్చి నిలబడేవాళ్లు.